నీలంగా పడిన బొగ్గు

0001

కొత్త కెమెరా తీసిన మొదటి బొమ్మ నా కాలి బొటనవేలిది. పెట్టెలోంచి పైకి ఎత్తుతుంటే ఎక్కడో నొక్కుకుపోయింది. మా నాన్న ఉంటే "పాదపూజ అయింది, ఇంక పని మొదలువెట్టు" అనేవాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, మొదటి బొమ్మకే పరువు పోయింది.

బాయిలో బొమ్మలు తీసే పని ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఈ పుస్తకం రాయాలి. ముందు నాన్న రాశాడు, ఆ తర్వాత రాజమణి అనే నేను. తేదీ బదులు బొమ్మ నంబరు వేయడం మా ఇంటి పద్ధతి. పాత బొగ్గుబాయి అడుగున బతికేవాళ్ళకు తెల్లారడం, పొద్దుగూకడం రెండూ దీపాలు చెప్పే మాటలే. కెమెరా లెక్క మాత్రం ఎవరు చెప్పినా వెనక్కి పోదు.

పాతదానికి లోపలి అద్దం ఇరుక్కుంది. పైకి లేచింది, ఇక కిందికి రానంది. లిఫ్టులో పైకి పంపితే అది బాగయ్యే రోగం కాదని చెప్పి, బదులుగా దీన్ని దింపారు. అదే జాతి, కాకపోతే మనవరాలి తరం. మా పాత లెన్సు దీనికి పట్టింది. పెట్టి తిప్పగానే టక్కున కూర్చుంది. ఆ చప్పుడుతో సగం కోపం పోయింది.

పెట్టెలో బ్యాటరీలు, మెడపట్టీ, ఎలా వాడాలో చెప్పే చిన్న పుస్తకం, ఏ వైపూ ఏమీ రాయని బూడిదరంగు అట్ట ముక్క ఉన్నాయి. వస్తువు కదలకుండా ఆ అట్ట పెట్టి ఉంటారు. గట్టి అట్ట, పారేయబుద్ధి కాలేదు. మంచినీళ్ళ బిందె మీద మూతగా వేశాను.

0019

కొత్త కోడలు వంటింట్లో గిన్నెలు వెతుక్కున్నట్టు బటన్లు వెతుక్కుంటున్నాను. పాతదాంట్లో బొటనవేలి కింద ఉన్న చక్రం ఇందులో చూపుడువేలి దగ్గరికి పోయింది. వెలుతురు పెంచుదామని తిప్పితే ఇంకేదో తిరుగుతుంది. కన్ను ఆనించే కిటికీ పక్కన ఆవగింజంత చక్రం ఉంది, నా చూపుకు తగ్గట్టు దాన్ని సర్దుకునేసరికి ప్రాణం విసిగింది. మనిషి ముఖం కనిపిస్తే చాలు, చుట్టూ ఒక చదరం గీసి చూపిస్తుంది. ఇందాక మా ఇంటి గోడకు వేలాడే చేటను కూడా మనిషే అనుకుంది. ఆ తెలివి ఆపేశాను. ముఖం ఎక్కడుందో నేను చూసుకుంటాను.

నెత్తిన ఫ్లాష్ ఉంది. దాని మీద నల్ల టేపు అంటించాను. బొగ్గు తవ్విన రోజుల్లో ఒక నిప్పురవ్వకు గ్యాసు అంటుకుని మనుషులు పోయారు. ఆ గ్యాసు ఇప్పుడు లేదంటారు. అయినా బాయిలో మెరుపు మెరవకూడదని పెద్దల మాట, ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు.

ఇంకో చిక్కు దీని గొంతు. బొమ్మ తీసినప్పుడు అద్దం లేచి పడుతుంది కదా, ఆ దెబ్బ పాతదానికంటే గట్టిది. పక్క గదిలో లస్మవ్వ ఉంటుంది, మా వాడకట్టుకే పెద్దమనిషి. పరిగెత్తుకొచ్చింది.

"వామ్మో, ఏందే మణీ అది! రూఫు ఇరుగుతుందనుకున్న!"

ఆమె తప్పు లేదు. నెత్తి మీద అంత భూమి మోసుకుని బతికేవాళ్ళం, టప్‌మన్న చప్పుడు వింటే ముందు పైకప్పే చూస్తాం. సెట్టింగుల్లో వెతికితే 'నిశ్శబ్దం' అని ఒకటి దొరికింది. పెట్టేశాను. ఇప్పుడు అద్దం దొంగలా లేచి దొంగలా పడుతోంది.

బాయిలో అందరికీ ఫోన్లున్నాయి, ఈ గోల ఎందుకని కుర్రాళ్ళు అడుగుతుంటారు. ఫోను ఎదుటి మనిషిని చూసి తనకు నచ్చిన మనిషిని గీస్తుంది. అందులో మచ్చ ఉండదు, ముడత ఉండదు. అందుకే పైనున్న దవాఖానవాళ్ళు ఫోను బొమ్మలు ఒప్పుకోరు. పుండైనా, దద్దురైనా, పుట్టిన పిల్లల ఒళ్ళైనా అద్దం కెమెరా బొమ్మే పంపాలి. డాక్టరమ్మ నిఖత్ పైనుంచి ఆ బొమ్మలు చూసి మందు చెబుతుంది. మా బాయి మనుషుల్లో ఒక్కరినీ ఆమె ఇంతవరకు చేత్తో ముట్టలేదు. నా బొమ్మలే ఆమెకు చేతులు.

0064

ఇవాళ దీనికి తెలుపు నేర్పాను.

మా దీపాలన్నీ పసుపు. మొదట్లో తెల్ల దీపాలు పెడితే జనానికి నిద్రలు పోయి తలలు చెడ్డాయట. అప్పటినుంచి పసుపు దీపమే చట్టం. ఫోన్ల తెరలకు కూడా పసుపు పొర వేసే అమ్ముతారు. ఆ వెలుగులోనే పుట్టిన మా కళ్ళకు అది పసుపని తట్టదు, కెమెరాకు తడుతుంది. దాని ఇష్టానికి వదిలేస్తే అందరినీ నలుగు పెట్టి కూర్చోబెట్టినట్టు చూపిస్తోంది. అందుకని అదే దీపం కింద ఒక తెల్లటి వస్తువు చూపించి, ఇదీ తెలుపు అని చెప్పాలి. మిగతా రంగులు అది సర్దుకుంటుంది.

చూపించడానికి మాకు తెల్లగుడ్డ ఉంది. బాయిలోకి దిగిన మొదటివాళ్ళు పైనుంచి తెచ్చుకున్న ధోవతి ముక్క అది. పాత కెమెరాకు నాన్న దానితోనే తెలుపు నేర్పాడు. ఒక్కసారే నేర్పాడు, అప్పటికి గుడ్డ కొత్తది. తర్వాత ఆ సెట్టింగు ఎవరూ ముట్టుకోలేదు. గుడ్డ లస్మవ్వ పెట్టెలో ఉంటుంది. బాయిలో ఏ బిడ్డ పుట్టినా మొదట అందులోనే చుడతారు. చుట్టేముందు నాలుగు మూలలా పసుపు పెట్టి దండం పెట్టుకుంటారు. తర్వాత ఉతికి మళ్ళీ పెట్టెలో పెడతారు. నన్నూ అందులోనే చుట్టారు, నేను పెంచిన నా తమ్ముడి కూతురు వెన్నెలనూ అందులోనే చుట్టారు. వెన్నెలకు ఇప్పుడు నెలలు నిండాయి. ఇవాళో రేపో గుడ్డకు మళ్ళీ పని పడుతుంది.

లస్మవ్వ దీపం కింద నిలబడి రెండు చేతులతో గుడ్డ పట్టుకుంది.

"మీ నాయిన గూడ నన్నే పట్టుకొమ్మన్నడు. అప్పుడు నేను పడుసుదాన్ని."

"కదలకవ్వా."

"నేనేడ కదులుతున్న? నీ చెయ్యే వణుకుతుంది."

గుడ్డ కెమెరా కిటికీ నిండా వచ్చేలా దగ్గరికి జరిగి నొక్కాను. ఒప్పుకుంది. చిన్న పుస్తకంలో 'తెలుపు' అని ఒక పేజీ ఉంది కానీ దాన్ని తిప్పేశాను. ఇది నాకు నాన్న నేర్పిన పని.

తర్వాత అవ్వనే ఒక బొమ్మ తీసి, ఇద్దరం బొమ్మల గదికి వెళ్ళాం. అక్కడి తెరకు పసుపు పొర ఉండదు. దీపం ఆపి, కళ్ళు మూసుకుని కాసేపు కూర్చోవాలి, కంట్లో పసుపు దిగేదాకా. అప్పుడే రంగులు నిజంగా కనిపిస్తాయి. కళ్ళు తెరిచి అవ్వ నోరు కూడా తెరిచింది.

"అరే, నేను గింత తెల్లగున్ననా! ముసలోడు బతికుంటే చూయించేదాన్ని."

నిజంగానే తెల్లగా, తేటగా పడింది. నెరిసిన జుట్టు కాస్త నీలంగా మెరిసింది. నూనె మెరుపు అనుకున్నాను.

0140

అవ్వ ఊరుకుంటుందా, వాడంతా చాటింది. నా గుమ్మం ముందు వరస కట్టారు. పెళ్ళికి తీసిన బొమ్మ బాగాలేదని మళ్ళీ తీయించుకునేవాళ్ళు, పోయినవాళ్ళ పక్కన పెట్టుకోవడానికి తీయించుకునేవాళ్ళు. ప్రతి ఒక్కరూ రెండు వన్నెలు తెల్లగా పడుతున్నారు. ఎండే లేని చోట కూడా నలుపంటే మనవాళ్ళకు చిన్నచూపు పోలేదు. లోపల నవ్వుకున్నాను కానీ, కొత్త సెన్సారు గొప్పదని, దాన్ని సరిగ్గా అమర్చుకున్న నేను ఇంకా గొప్పదాన్నని అనుకున్న మాట కూడా నిజం.

"అత్తా, నన్నొక్కటి తియ్యవా, కడుపుతోని," అని వెన్నెల వచ్చింది. దాని మొగుడు ఓదెలు పక్కన నిలబడ్డాడు. అతను బాయి గాలిపంకాలు నడిపే పనిలో ఉంటాడు. ఎప్పుడూ నూనె మరకలతో ఉండేవాడు ఇవాళ తల దువ్వుకుని వచ్చాడు. తీశాను. ఇద్దరూ పెళ్ళి రోజు కంటే బాగా పడ్డారు.

0203

వెన్నెలకు ఆడపిల్ల.

తెల్లగుడ్డలో చుట్టి చేతిలో పెడితే, ఇంత కాలం ఎవరి పిల్లలను ఎత్తుకున్నా రాని ఏడుపు వచ్చింది. తమ్ముడి గడ్డం ఉన్నదున్నట్టు దిగింది. మూడో రోజు బొమ్మ తీసి పైకి పంపాలి, అది నియమం. పుట్టిన పిల్లలకు కామెర్లు వస్తాయేమోనని డాక్టరమ్మ ఆ రోజు రంగు చూస్తుంది. ఈ పసుపు దీపాల కింద పసుపు ఒళ్ళు ఎవరి కంటికీ ఆనదు. పురుళ్ళు పోసే నర్సు కరుణమ్మ కూడా కంటిని నమ్మదు, బొమ్మనే నమ్ముతుంది. రక్తం చూసే పట్టీలు ఆమె దగ్గర కొన్నే ఉన్నాయి, డాక్టరమ్మకు అనుమానం వస్తే తప్ప తీయదు.

ఇవాళ మూడో రోజు కాబట్టి బిడ్డను విప్పి, పడుకోబెట్టి తీశాను. పాలమీగడలా పడింది. పైనుంచి జవాబు వచ్చింది: "పాప రంగు మంచిగ ఉన్నది. రాజమణీ, మీ కొత్త కెమెరా కూడ మంచిగ ఉన్నది."

ఆ మాట అందరికీ వినిపించాను.

0231

పాప ఎప్పుడు చూసినా నిద్రే. ఇంటికొచ్చినవాళ్ళంతా "ఎంత బుద్ధిమంతురాలు, తల్లిని సతాయిస్తలేదు" అంటున్నారు. వెన్నెల మాత్రం మూతి ముడుచుకుని కూర్చుంది.

"అత్తా, పాలు పట్టుకుంటలేదు. రెండు గుక్కలు తాగి పండుకుంటది. పాదం గిల్లితే గూడ లేస్తలేదు."

"కొందరు పిల్లలు అంతేనే. నువ్వు కూడ నిద్రమొద్దువే."

"నువ్వు కాదు చెప్పుడు. మళ్ళొకసారి బొమ్మ తీసి పంపు."

తీశాను. కరుణమ్మ పక్కనే ఉంది. ముగ్గురం బొమ్మల గదిలో కళ్ళు మూసుకుని, తెరిచి చూశాం. మొన్నటిలాగే తేటగా ఉంది. కళ్ళు కూడా తెల్లగా ఉన్నాయి. కరుణమ్మ ఊపిరి వదిలింది. డాక్టరమ్మ కూడా రంగు బాగుందనే చెప్పింది, తరచూ లేపి పాలు పట్టమంది. వెన్నెల బిడ్డను భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. అది వెళ్ళిన తీరు నాకు నచ్చలేదు, కానీ బొమ్మ బాగుంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

0236

మనసు బాగాలేనప్పుడు పని చేయాలి. లెన్సు ఎంత పదునుగా చూస్తుందో ఇంకా పరీక్షించలేదని గుర్తొచ్చింది.

నాలుగు దారులు కలిసే చోట మా తాతలు తవ్వకుండా వదిలేసిన బొగ్గు స్తంభం ఉంది. మిగతా గోడలకు మట్టి పూశారు కానీ దానికి పూయలేదు. ఎక్కడినుంచి వచ్చామో పిల్లలకు తెలియాలని అలాగే ఉంచారు. బొగ్గులో వెంట్రుకంత సన్నటి పొరలుంటాయి. అవి విడివిడిగా పడితే లెన్సు బాగున్నట్టు. నాన్న ఏ లెన్సునైనా దాని ముందే నిలబెట్టేవాడు.

తీసి తెర మీద చూశాను. పొరలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా వచ్చాయి. కానీ బొగ్గు నీలంగా ఉంది.

కళ్ళు మూసి మళ్ళీ చూశాను. నీలమే. కెమెరా తప్పా, తెర తప్పా, నా కన్ను తప్పా? బొగ్గు తప్పు మాత్రం కాదు. మా తాత, ముత్తాత దాని కిందే చచ్చారు. తెలుపు ఎలా ఉంటుందో నాకు ఎవరైనా అబద్ధం చెప్పొచ్చు, నమ్ముతాను. బొగ్గు నలుపు గురించి నన్ను ఎవరూ మోసం చేయలేరు.

నీలం ఎక్కడిది? లస్మవ్వ జుట్టులో మెరిసిన నీలం గుర్తొచ్చింది. ఆ వెంటనే ఆమె బట్టలుతికే తొట్టి గుర్తొచ్చింది. పచ్చబడ్డ బట్టను తెల్లగా చేయాలంటే అవ్వ నీళ్ళలో నీలిమందు కలుపుతుంది. కెమెరా కూడా అదే చేస్తోంది. ఏదో పచ్చటిదాన్ని నేను తెలుపని చూపించాను. దాన్ని తెలుపు చేయడానికి అది ప్రతిదానికీ నీలిమందు కలుపుతోంది. అవ్వకు కలిపింది. వరస కట్టిన వాళ్ళందరికీ కలిపింది. బొగ్గుకు కలిపింది.

పాపకు కలిపింది.

0238

నేను తిప్పేసిన 'తెలుపు' పేజీ నిలబడే చదివాను. దీనితో వచ్చిన బూడిదరంగు అట్టను దీపం కింద చూపండి అని ఉంది. బిందె మీది మూత తీసి కొంగుతో తుడిచాను. గోడకు ఆనించి కెమెరాకు చూపించాను. మళ్ళీ స్తంభం దగ్గరికి పోయి తీశాను. బొగ్గు బొగ్గులా పడింది.

అక్కడినుంచి లస్మవ్వ గదికి వెళ్ళి గుడ్డ అడిగాను. నా ముఖం చూసి ఆమె వెంటనే ఇచ్చేసింది. దాన్ని బొమ్మ తీసి, బొమ్మల గదిలో తెర మీద చూశాం. గుడ్డ మూల నుంచి మూల దాకా చామంతి పువ్వు రంగులో ఉంది.

"గిదేంది?" అంది అవ్వ.

"మన తెల్లగుడ్డ."

పుట్టిన ప్రతి బిడ్డకూ నాలుగు మూలలా పసుపు పెట్టాం. ఉతికిన ప్రతిసారీ మూలల్లోని పసుపు మధ్యకు పాకింది. పసుపు దీపం కింద పసుపు ఎవరికి కనిపిస్తుంది? కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మా బాయిలో లోకమే పచ్చన, కామెర్లు మాత్రం కనిపించవు.

వెన్నెల ఇంటికి ఎలా చేరానో తెలియదు. పాప ఒంటి మీది బట్ట విప్పుతుంటే వెన్నెల నా చేయి పట్టుకుంది.

"ఏమైంది అత్తా? మొన్ననే తీస్తివి కద."

"మొన్నటి బొమ్మ అబద్ధం బిడ్డా. నేనే తప్పు చేసిన. కదిలియ్యకు."

కెమెరా వెనక ఉన్న చిన్న తెర మీదే చూశాం. కళ్ళు మూసుకునే ఓపిక ఇద్దరికీ లేదు, అవసరం కూడా లేకపోయింది. నుదుటి నుంచి అరికాళ్ళ దాకా పసుపు. కళ్ళలోని తెలుపు కూడా పసుపే. వెన్నెల బొమ్మను ఒకసారి, బిడ్డను ఒకసారి చూసి, "నేను చెప్పిన," అంది.

బొమ్మ అందగానే డాక్టరమ్మ లైనులోకి వచ్చింది.

"రాజమణీ, మొన్న పంపిన బొమ్మ ఎవరిది?"

"ఈ పాపదే డాక్టరమ్మా. రంగు నేను తప్పు పెట్టిన. కెమెరాది కాదు, నాదే."

ఆమె రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసినట్టుంది.

"సరే, అది తర్వాత మాట్లాడుదాం. కరుణమ్మను పిలువు. పట్టీతోని రక్తం చూడుండ్రి. నీలి దీపం పెట్టుండ్రి. ఇప్పుడే."

0240

ఈ నంబరు బొమ్మ కూడా పాపదే. కామెర్లు దించే నీలి దీపం కింద, కళ్ళకు గంతలు కట్టి, ఒంటి మీద నూలుపోగు లేకుండా పడుకుంది. డాక్టరమ్మ చూడాలంది కాబట్టి తీశాను. లేకపోతే నాకు కెమెరా ముట్టబుద్ధి కావడం లేదు.

రక్తంలో కామెర్లు చాలా ఎక్కువగా ఉన్నాయి. నీలి దీపం చాలా కరెంటు తింటుంది. అది వెలగాలంటే పంకాలు తగ్గించాలి. ఓదెలే వెళ్ళి తగ్గించి వచ్చాడు. వాడంతా ఉడికిపోతోంది. ఇంతవరకు ఒక్కరు కూడా వచ్చి ఎందుకని అడగలేదు. అందరికీ తెలిసిపోయింది.

ఓదెలు గుమ్మంలోనే కూర్చున్నాడు. నా వైపు చూడకుండా అన్నాడు.

"నువ్వు తెల్లగ చూపెడితివి. మేము నమ్మితిమి. వెన్నెల మొత్తుకుంటుంటే నేను గూడ బొమ్మనే నమ్మిన."

కోపంగా అంటే తట్టుకునేదాన్ని. అతను మెల్లగా అన్నాడు. నేను బిగ్గరగానే ఏడ్చాను.

లస్మవ్వ గుడ్డ పట్టుకుని వచ్చింది. ఎన్ని నీళ్ళలో ఉతికిందో, చేతులు నానిపోయి ఉన్నాయి.

"పసుపు పెట్టింది నేనే మణీ. అందరి పిల్లలకు నేనే పెట్టిన. మంచిగుండాలని పెట్టిన."

"నాకు తెలుసవ్వా."

"మరి పిల్లకెందుకు గిట్లయింది?"

అవ్వను పక్కన కూర్చోబెట్టుకున్నాను.

డాక్టరమ్మ మళ్ళీ లైనులోకి వచ్చింది. దీపం పని చేస్తోందట, పట్టీలో అంకె దిగుతోందట. అందరం ఒక్కసారిగా మాట్లాడబోతుంటే ఆపింది.

"ఒక్కటి చెప్పాలె. కామెర్లు గింత పెరిగితే కొందరు పిల్లలకు వినికిడి దెబ్బతింటది. అందరికీ కాదు. చెవి చూసే మిషను వచ్చే లిఫ్టులో పంపుత. అప్పటిదాంక భయపడకుండ్రి."

భయపడొద్దని చెప్పాక భయపడకుండా ఉన్నవాళ్ళను నేను ఎక్కడా చూడలేదు.

0246

పాప దీపం కిందినుంచి బయటికి వచ్చింది. పాలు తాగుతోంది, గట్టిగా పట్టి లాగుతోందని వెన్నెల చెప్పింది. అట్టతో సరిచూసుకుని తీశాను. పసుపు దిగిపోయింది. పాప రంగు మా తమ్ముడి రంగే, నేరేడుపండు చాయ. ఇన్నాళ్ళూ అది కూడా మాకు తెలియలేదు.

కొందరు బొమ్మలు మళ్ళీ తీయించుకోవడానికి వచ్చారు. వాళ్ళ అసలు రంగులో పడేసరికి ముఖాలు వేలాడేశారు. "అక్కా, జర మొన్నటి లెక్కనే పెట్టరాదు, గది మంచిగుండె," అని ఒకడు మెల్లగా అడిగాడు. నాకు తిక్క రేగింది.

"నీ రంగు నీకిస్తున్న. తీసుకోని పో."

పోయాడు. తర్వాత వెనక్కి వచ్చి బొమ్మ కూడా తీసుకుపోయాడు.

కానీ వెన్నెల ఇంట్లో ఒక సంగతి చూశాను. అక్కడ అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. గిన్నె కింద పెట్టాలన్నా గుడ్డ మీద పెడుతున్నారు. పాప నిద్ర చెడుతుందని కాదు. చప్పుడైతే పాప ఉలిక్కిపడాలి కదా. ఉలిక్కిపడకపోతే? చప్పట్లు కొట్టి చూడడానికి ఆ ఇంట్లో ఎవరికీ చేతులు రావడం లేదు. లిఫ్టు వచ్చేదాకా తెలియకుండా ఉంటే చాలన్నట్టు బతుకుతున్నారు. నేనూ చెప్పులు గుమ్మం బయటే విప్పి, పిల్లిలా లోపలికి పోయి, పిల్లిలా వస్తున్నాను.

0247

ఇవాళ వెన్నెలే పిలిచింది. వెళ్ళేసరికి పాప మెలకువగా తొట్టెల్లో ఉంది, పైకి చూస్తూ కాళ్ళు ఆడిస్తోంది. ఓదెలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లస్మవ్వ కూడా వచ్చింది. తొట్టెలకు కట్టింది ఆ గుడ్డే. దాన్ని ఇప్పుడు ఎవరూ తెల్లగుడ్డ అనడం లేదు, పసుపుగుడ్డ అంటున్నారు.

"అత్తా, నీ కెమెరా మొదట వచ్చినప్పుడు పెద్దగ మోగెనట కద. అవ్వ చెప్పింది."

"మోగింది. నేనే ఆపిన."

"మళ్ళ పెట్టు."

ఎందుకో అర్థమై, కెమెరాను వెనక్కి తీసుకున్నాను.

"మిషను వస్తది గద బిడ్డా. ఆగుదాం."

"ఇంక ఆగలేను అత్తా. పిల్లను పేరు పెట్టి పిలువాలంటే నోరు వస్తలేదు. ఇంటదో ఇనదో అని. నువ్వే తియ్యి. బొమ్మ తీసుడు నీ పని కద."

కోపం ఉందేమోనని దాని ముఖంలో వెతికాను. లేదు. అడుగుతోంది, అంతే. అంత జరిగాక కూడా నా చేతినే అడుగుతోంది.

సెట్టింగుల్లోకి వెళ్ళి 'నిశ్శబ్దం' తీసేశాను. ఇప్పుడు ఆ బటన్లు వెతుక్కోనక్కరలేదు, వేళ్ళకు తెలుసు. పాప నన్ను చూడకూడదని తల వెనక్కి పోయి నిలబడ్డాను. కిటికీకి కన్ను ఆనించాను. తమ్ముడి గడ్డం తలకిందులుగా కనిపించింది. ఓదెలు కళ్ళు మూసుకున్నాడు. నేను మూసుకోవడానికి వీల్లేదు.

నొక్కాను. రూఫు విరిగినట్టు టప్‌మంది.

పాప రెండు చేతులూ గాల్లోకి ఎగిరాయి. కాళ్ళు ముడుచుకున్నాయి. ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తర్వాత ఎర్రగా నోరు తెరిచి అందుకుంది చూడు ఏడుపు, వాడ వాడంతా లేచి వచ్చింది. వెన్నెల బిడ్డను ఎత్తుకుని, ఇంతకాలం నోట్లోనే దాచుకున్న పేరు పెట్టి పిలిచింది. "రత్తమాలా, రత్తమాలా," అని అదీ ఏడుస్తూ పిలుస్తూనే ఉంది. లస్మవ్వ పైకప్పు వైపు చూసి దండం పెట్టింది.

బొమ్మ తర్వాత చూశాను. చేతులు రెండూ చెదిరిపోయాయి. ముఖం సగం చట్రంలో లేదు. పదును లేదు, పొందిక లేదు. నాన్న చూస్తే మళ్ళీ తీయమనేవాడు. రంగు మాత్రం సరిగ్గా ఉంది. వెన్నెల దాన్నే కావాలంది, గోడకు పెట్టుకుంది.

'నిశ్శబ్దం' మళ్ళీ పెట్టలేదు. వాడలో ఎవరూ పెట్టమనలేదు కూడా. ఇప్పుడు కెమెరా టప్‌మంటే జనం పైకప్పు చూడటం మానేసి తొట్టెల వైపు చూస్తున్నారు.